ఊఁ కొట్టే మనిషి ఎదురుగా ఉంటే

ప్రాణం మీదికి వచ్చి తృటిలో తప్పిపోయిన సంఘటన ఒకటి దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. లారీ రాసుకుంటూ పోవడమో, చెరువులో కాలు జారితే ఎవరో జుట్టు పట్టి లాగడమో. అలాంటి కథ చెప్పమంటే మామూలుగా మాటలు రాని మనిషి కూడా రక్తి కట్టిస్తాడు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు తమ ప్రయోగానికి ఇలాంటి కథలనే ఎంచుకున్నారు. ముక్కూమొహం తెలియని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒకరు తనకు జరిగింది చెప్పాలి, రెండోవారు వినాలి. అయితే కొందరు శ్రోతలకు ఒక అదనపు పని అప్పగించారు. కథలో ఇంగ్లీషు ‘టి’ అక్షరంతో మొదలయ్యే మాట వచ్చినప్పుడల్లా ఒక మీట నొక్కాలి.

ఈ శ్రోతలు ఎక్కడో ఆలోచిస్తూ కూర్చోలేదు. నిజానికి మామూలు శ్రోత కంటే జాగ్రత్తగా ప్రతి మాటనూ పట్టుకుంటున్నారు. వాళ్లకు అందకుండా పోయింది కథ. లారీ మీదికి దూసుకొస్తున్న ఘట్టంలో వాళ్ల కళ్లు పెద్దవి కాలేదు, భుజాలు ముడుచుకోలేదు, నోటి నుంచి ‘అమ్మో’ అన్న మాట రాలేదు.

2000లో ప్రచురించిన ఫలితాల్లో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, దెబ్బతిన్నది చెప్పేవాళ్ల కథనం. అవే తరహా కథలు, చెప్పేది తమకు జరిగిందే. అయినా ఈ శ్రోతల ముందు కథ చతికిలబడింది. ముఖ్యంగా ముగింపు దగ్గర. కొందరు ఉన్నట్టుండి తెంపేశారు. కొందరు ముగించిన కథనే మళ్లీ మొదటికి తెచ్చి ముగించారు. ఇంకొందరు అది ఎందుకంత ప్రమాదమో వివరించే పనిలో పడ్డారు. ‘అంటే, ఇంకొక్క అడుగు వేసి ఉంటే...’ అని తడుముకోవడం అన్నమాట. ఎదుటి మనిషి ముఖంలో భయం కనబడి ఉంటే ఆ వివరణ అవసరమే రాదు.

బావెలాస్ బృందం శ్రోతల స్పందనలను రెండు రకాలుగా విడదీసింది. తల ఊపడం, ‘ఊఁ’, ‘ఆఁ’ అనడం మొదటి రకం. కథ ఏదైనా, ఎక్కడైనా సరిపోతాయి. ముఖం చిట్లించడం, గుండె మీద చెయ్యి వేసుకోవడం, ‘అయ్యో, తర్వాత?’ అనడం రెండో రకం. ఇవి ఆ కథలో ఆ ఘట్టానికి మాత్రమే అతుకుతాయి. మీట నొక్కే పనిలో పడ్డ శ్రోతల్లో ఎక్కువగా మాయమైనవి ఈ రెండో రకం స్పందనలే. మనసు కథలో లేకపోయినా ఊఁ కొట్టడం సాధ్యమే. సరైన చోట ఉలిక్కిపడడం మాత్రం సాధ్యం కాదు.

ముఖాముఖి సంభాషణ గురించి చెప్పుకునేటప్పుడు దృష్టి ఎప్పుడూ మాట్లాడేవారి మీదే ఉంటుంది. ఎలా నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, కళ్లలోకి ఎంతసేపు చూడాలి అని పుస్తకాలు, శిక్షణ తరగతులు నేర్పేదంతా వక్తకే. గత అయిదారు దశాబ్దాల పరిశోధన చూపిస్తున్నది వేరు. మాటలో సగం పని వినేవారి ఒంటితో జరుగుతోంది.

బుర్రకథ చూసినవారికి ఇది వింతగా తోచదు. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. వాళ్లు తాళం వేసి వంత పాడడంతో ఊరుకోరు. కథకుడిని ఆపి ప్రశ్న వేస్తారు, నోరు వెళ్లబెడతారు. ఒకరు హాస్యం పండిస్తే మరొకరు సమకాలీన రాజకీయాలను కథలోకి లాగుతారు. ఎదురుగా వందల మంది జనం కూర్చుని ఉన్నా, స్పందించే శ్రోతలను ఇద్దరిని కథకుడి పక్కనే, వేదిక మీదే నిలబెట్టింది ఈ కళ. రాత్రిపూట పిల్లలకు కథ చెప్పే నాయనమ్మ షరతూ ఇలాంటిదే: ఊఁ కొడితేనే కథ. ఇంగ్లీషు సంభాషణల్లో ఈ ఊఁ లాంటి స్పందనలకు పరిశోధకుడు విక్టర్ ఇంగ్వే 1970లో ‘బ్యాక్‌చానల్’ అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి దాని మీద అధ్యయనాలు వస్తూనే ఉన్నాయి.

ఊఁ ఎప్పుడు కొట్టాలో కూడా కళ్లే చెబుతాయి. మాట్లాడేవారు సాధారణంగా ఎదుటివారిని అదే పనిగా చూడరు. చూపు అటూ ఇటూ పోతుంది. వాక్యం ఒక కొలిక్కి వచ్చేసరికి క్షణకాలం శ్రోత కళ్లలోకి చూస్తారు. సరిగ్గా ఆ వ్యవధిలోనే శ్రోత తల ఊపుతాడు, లేదా ఊఁ అంటాడు. ఆ వెంటనే వక్త చూపు పక్కకు మళ్లుతుంది, కథ ముందుకు కదులుతుంది. 2002లో బావెలాస్ బృందమే దీన్ని వీడియోల్లో కొలిచి చూపించింది. ఫోను తెరను చూస్తూ ‘చెప్పు, వింటున్నా’ అనే మనిషితో మాట్లాడడం ఎందుకంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఆయన చెవులు నిజంగానే వింటూ ఉండవచ్చు. కానీ వక్త చూపు ఎదురుచూసిన చోట అందవలసిన స్పందన అందడం లేదు.

ఇదంతా జరిగే వేగం ఆశ్చర్యపరుస్తుంది. నెదర్లాండ్స్‌లోని నైమేకన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ భాషామనోవిజ్ఞాన సంస్థ పరిశోధకులు జపనీస్, కొరియన్, డేనిష్, ఇటాలియన్, లావో, మెక్సికోలోని ట్సెల్టాల్ సహా 10 భాషల్లో మామూలు కబుర్లను వీడియో తీశారు. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలను ఏరి, ప్రశ్న ముగిసిన క్షణానికీ జవాబు మొదలైన క్షణానికీ మధ్య వ్యవధిని కొలిచారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. సగటున దాదాపు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. జపనీస్‌లో అది 7 మిల్లీసెకన్లే. నెమ్మదిగా జవాబిస్తారనుకునే డేనిష్‌లో కూడా 469.

అయితే ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడం మొదలుపెట్టడానికే మెదడుకు దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. 200 మిల్లీసెకన్లలో జవాబు రావాలంటే, ప్రశ్న ఇంకా నడుస్తుండగానే శ్రోత దాని ముగింపును ఊహించి, జవాబు తయారుచేసి, నాలుక చివర పెట్టుకుని ఉండాలి.

తెలుగు ఆ పది భాషల్లో లేదు గానీ, తెలుగువారిని ఆలోచింపజేసే విషయం ఇందులో ఒకటి ఉంది. జపనీస్, కొరియన్‌లలో లాగే మనకూ క్రియ వాక్యం చివర వస్తుంది. ‘రేపు పొద్దున్న బస్సుకి విజయవాడ వెళ్తున్నావు’ అన్నంత వరకు అది ప్రశ్నో కాదో మాటల్లో తెలియదు. చివరి దీర్ఘంతో ‘వెళ్తున్నావా’ అన్నప్పుడే తేలుతుంది. మరి అంత ముందుగా ఊహ ఎలా కుదురుతుంది? గొంతులోని హెచ్చుతగ్గులు ఒక దారి. ముఖం ఇంకో దారి. డచ్ సంభాషణలను పరిశీలించిన జూడిత్ హాలర్, ఆమె సహ పరిశోధకులు ప్రశ్న అడిగేవారి కనుబొమలు తరచు మాట మొదట్లోనే, ఒక్కోసారి మాటకు ముందే కదులుతాయని గమనించారు. చేతి కదలికతో కలిసి వచ్చిన ప్రశ్నలకు జవాబులు మరింత త్వరగా వచ్చాయని వాళ్లే 2018లో చూపించారు.

ఇంత బిగువైన లయలో చిన్న ఆలస్యానికి కూడా అర్థం పుడుతుంది. ఒక బావమరిది అడుగుతాడు: “బావా, ఒక పదివేలు సర్దగలవా? ఒకటో తారీఖున ఇచ్చేస్తా.” బావ ఇంకా ఏమీ అనలేదు. తల వంచి టీ గ్లాసు తిప్పుతున్నాడు. సెకను కూడా గడవదు. “ఇబ్బందైతే వద్దులే బావా, ఇంకెవర్నైనా అడుగుతాలే” అని అడిగినవాడే వెనక్కి తగ్గుతాడు. అప్పుడు వస్తుంది జవాబు: “అబ్బే, అది కాదురా, ఈ నెల ఇంటి లోనూ పిల్లల ఫీజూ ఒకేసారి పడ్డాయి...” లేదు అన్న మాట ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. పని మాత్రం పూర్తయింది, బంధుత్వానికి గీత పడలేదు. ఒప్పుకోలు వెంటనే వస్తుందని, నిరాకరణ ఆలస్యంగా, ‘అంటే’, ‘అది కాదు’, ‘చూద్దాం’ లాంటి మాటల్లో చుట్టుకుని వస్తుందని సంభాషణ విశ్లేషకులు అనేక భాషల్లో గమనించారు. అమెరికన్, ఇటాలియన్, జపనీస్ శ్రోతలకు కొన్ని సంభాషణలు వినిపించి, జవాబుకు ముందు మౌనాన్ని మాత్రమే పెంచుతూ పోయిన ప్రయోగం ఒకటుంది. మౌనం పెరిగేకొద్దీ, అవే మాటలు చెప్పిన మనిషి అంత ఇష్టంగా ఒప్పుకోవడం లేదని మూడు భాషలవారూ భావించారు.

వీడియో కాల్ ఈ లయనే దెబ్బతీస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జూలీ బోలండ్ బృందం కొలిచినప్పుడు, ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మాటకూ మాటకూ మధ్య సగటున 135 మిల్లీసెకన్లున్న ఎడం జూమ్‌లో 487కు పెరిగింది. ఇంకా బాధపెట్టే ఫలితం 2014 నాటి జర్మన్ అధ్యయనంలో ఉంది. ఫోన్ లైనులో కృత్రిమంగా 1.2 సెకన్ల వరకు ఆలస్యం కల్పిస్తే, మాట్లాడేవారు ఆ తప్పును లైను మీద వేయలేదు. అవతలి మనిషి శ్రద్ధగా లేడని, అంత స్నేహంగా లేడని అంచనా వేశారు. డాలస్‌లో ఉన్న కొడుకు ‘బాగానే ఉన్నా అమ్మా’ అనడానికి తీసుకున్న ఆ ఒక్క సెకనును గుంటూరులో తల్లి ఎలా చదువుకుంటుందో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పాపం ఆ సెకను నెట్‌వర్క్‌ది కావచ్చు.

ఇంతవరకు చెప్పుకున్న ఉదాహరణల్లో మాటనూ ముఖాన్నీ చేతినీ విడివిడిగా తూచడం కుదరదు. అయినా తూకం వేసి చూపించే ఒక లెక్క ప్రపంచమంతా చలామణీ అవుతోంది. సంభాషణలో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55 అని. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో, ఇంటర్వ్యూ శిక్షణల్లో, పత్రికా వ్యాసాల్లో ఇది కనబడుతూనే ఉంటుంది. మూలం 1967లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ మెహ్రాబియన్ సహచరులతో చేసిన రెండు ప్రయోగాలు. ఒకదానిలో ఒంటరి పదాలను రకరకాల గొంతులతో రికార్డు చేసి వినిపించారు. రెండోదానిలో ‘మేబీ’ అన్న ఒక్క పదాన్ని ఇష్టంగా, మామూలుగా, అయిష్టంగా పలికించి, దాంతోపాటు ముఖాల ఫోటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివారంటే ఇష్టమా కాదా అని అడిగారు. ఆ రెండు ప్రయోగాల ఫలితాలను కలిపితే వచ్చిన అంకెలివి. వాక్యం లేదు, సంభాషణ లేదు, జవాబు చెప్పే మనిషి లేడు. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడనప్పుడు ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియనే తర్వాత స్పష్టం చేశాడు. 93 శాతం మాటలు కానిదే అయితే, కొరియన్ సీరియల్‌ను సబ్‌టైటిల్స్ లేకుండా చూసి కథంతా చెప్పగలగాలి. పిల్లలకు, ఉద్యోగార్థులకు ఈ లెక్కను సైన్సుగా నేర్పడం ఇకనైనా మానుకోవాలి.

శబ్దాన్నీ దృశ్యాన్నీ మెదడు ఎంతగా కలిపేసుకుంటుందో చూపిన ప్రయోగం మరొకటుంది. బ్రిటన్‌లో హ్యారీ మగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. తెర మీద మనిషి పెదవులు ‘గ’ అంటున్నాయి. స్పీకర్లో వినబడే శబ్దం ‘బ’. చూసేవారిలో చాలామందికి వినిపించింది ఆ రెండూ కాదు, ‘డ’. కళ్లు మూసుకుంటే ‘బ’ స్పష్టంగా వినబడుతుంది. తెరిస్తే మళ్లీ మారిపోతుంది. కిటుకు తెలిసినా మారుతుంది. ‘బ’ అనాలంటే పెదవులు కలవాలి, ఇక్కడ కలవలేదు; కంటి సాక్ష్యానికీ చెవి సాక్ష్యానికీ మెదడు రాజీ కుదిర్చింది. దీనికి ఎంతో ముందే, 1954లో, సంబీ, పొలాక్ అనే పరిశోధకులు చుట్టూ రొద ఉన్నప్పుడు మాట్లాడేవారి ముఖం కనబడితే మాట ఎంత బాగా అందుతుందో కొలిచారు. రొద పెరిగేకొద్దీ ముఖం విలువ పెరిగింది. పెళ్లి మండపంలో సన్నాయి మేళం మధ్య పలకరించుకునేవాళ్లు ఒకరి పెదవులను ఒకరు చూస్తూ మాట్లాడుకుంటారు. కోవిడ్ రోజుల్లో మాస్కుల వెనక నుంచి వచ్చిన మాట అర్థం కాక ‘ఏంటీ?’ అని మళ్లీ మళ్లీ అడిగారు. రెండింటికీ కారణం ఇదే.

చేతుల సంగతి ఇంకా విచిత్రం. జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 1998లో పుట్టుగుడ్డి పిల్లలను పరిశీలించారు. ఎవరూ చేతులు తిప్పుతుండగా వాళ్లు ఎన్నడూ చూడలేదు. అయినా మాట్లాడేటప్పుడు చేతులు తిప్పారు, ఎదుటివారు కూడా చూపులేనివారే అని తెలిసినా తిప్పారు. అంటే చేతి కదలిక చూసేవారి కోసం మాత్రమే పుట్టినది కాదు, ఆలోచనతోనే పెనవేసుకుని ఉంది. అలాగని చూసేవారితో నిమిత్తం లేదనీ అనలేం. బావెలాస్ 2008 నాటి ప్రయోగంలో కొందరికి పద్దెనిమిదో శతాబ్దపు ఒక ఆర్భాటమైన గౌను బొమ్మ ఇచ్చి వర్ణించమన్నారు. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినవారు తమ నడుము చుట్టూనే గౌను తొడుక్కున్నట్టు పెద్ద పెద్ద సైగలు చేశారు. ఫోన్లో చెప్పినవారు కూడా సైగలు చేశారు, కాకపోతే చిన్నవి. టేప్ రికార్డరుకు చెప్పినవారి చేతులు బాగా తగ్గిపోయాయి. ఫోనులో ఎదుటి మనిషి కనబడడు, కానీ ఊఁ కొడతాడు. టేపు ఊఁ కొట్టదు.

ముఖం కనబడడం ఎప్పుడూ లాభమేనా? మైఖేల్ క్రాస్ 2017లో ప్రచురించిన ప్రయోగాల వరుస కాదంటుంది. ఎదుటివారి మనసులోని భావాన్ని పసిగట్టడంలో, గొంతూ ముఖమూ రెండూ అందినవారి కంటే గొంతు మాత్రమే విన్నవారే మెరుగ్గా ఉన్నారు. ముఖాన్ని అదుపులో పెట్టుకోవడం మనిషి చిన్ననాటి నుంచే నేర్చుకుంటాడు. గొంతును అంతగా దాచలేడు. ఆకాశవాణి నాటకాలతో పెరిగిన తరానికి ఈ ఫలితం ఆనందం కలిగించాలి.

చూపుల విషయంలో జనంలో బలంగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. అబద్ధం చెప్పేవాడు కళ్లలోకి చూడడని. 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 58 దేశాల ప్రజలను అడిగినప్పుడు దాదాపు అన్నిచోట్లా ముందు వచ్చిన జవాబు ఇదే. అదే ఏడాది చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అప్పటివరకు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించారు. నిజాన్నీ అబద్ధాన్నీ విడదీయమని అడిగితే సుమారు 24 వేల మంది సగటున 54 శాతం సందర్భాల్లో సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేస్తే 50 వస్తుంది. చూపు తిప్పుకోవడానికి వేరే మామూలు కారణాలున్నాయి. కష్టమైన ప్రశ్నకు జవాబు వెతుక్కునేటప్పుడు ఎదుటి ముఖం నుంచి దృష్టి మరల్చుకుంటే జ్ఞాపకం మెరుగ్గా పనిచేస్తుందని ఆర్థర్ గ్లెన్‌బర్గ్ బృందం 1998లో తేల్చింది. ఇక పెద్దల ముందు తల వంచుకుని నిలబడడం మన ఊళ్లలో మర్యాద. అదే పిల్లవాడు పట్నంలో ఇంటర్వ్యూ గదిలో తల వంచుకుంటే ‘ఆత్మవిశ్వాసం లేదు’ అని రాసుకుంటారు. ఇది అన్యాయం. సాక్షి వాంగ్మూలంతో పాటు అతని వైఖరి గురించి ముఖ్యమనిపించిన వ్యాఖ్యలను కూడా న్యాయాధికారి నమోదు చేయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఆ నియమం ఉంది. మొదటిసారి బోనెక్కి వణికే కూలీ మనిషి ముఖాన్ని చదివేటప్పుడు ఆ 54 అంకెను గుర్తుంచుకోవడం అవసరం.

సైగల అర్థం ఊరితో మారుతుంది కూడా. మన తల అవునని నిలువుగా, కాదని అడ్డంగా ఊగుతుంది. ‘సరే, అలాగే, వింటున్నా’ అనడానికి భుజాల వైపు అటూ ఇటూ ఒరుగుతుంది. ఈ మూడో కదలిక చూసి విదేశీయులు అయోమయంలో పడతారు. బల్గేరియాలో తల అటూ ఇటూ ఊపితే అవునని.

ఎదుటివారి ముఖమూ గొంతూ ఆరోగ్యాన్ని తాకే చోటు డాక్టరు గది. కోల్‌కతాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త నళినీ అంబాడి 2002లో శస్త్రవైద్యుల గొంతులను పరీక్షించారు. రోగులతో వాళ్లు మాట్లాడిన రికార్డింగుల నుంచి 10 సెకన్ల ముక్కలు తీసుకుని, మాటలు అర్థం కాకుండా వడగట్టి, స్వరం మాత్రం మిగిల్చారు. గొంతులో పెత్తనం ఎక్కువగా, ఆదుర్దా తక్కువగా వినిపించిన వైద్యుల మీద నిర్లక్ష్యం కేసులు దాఖలై ఉండే అవకాశం ఎక్కువని తేలింది. అంతకుముందు 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడని లెక్కగట్టారు.

మాట ఒక్కటి మారినా ఏమవుతుందో జాన్ హెరిటేజ్ బృందం 2007లో చూపించింది. 20 మంది అమెరికన్ కుటుంబ వైద్యులను తీసుకుని, రోగులు ఏయే సమస్యలతో వచ్చారో ముందే కాగితం మీద రాయించుకున్నారు. మొదటి సమస్య విన్నాక కొందరు వైద్యులు ‘ఇంకేమైనా ఉందా?’ అన్న ధోరణిలో అడిగారు. ఇంగ్లీషులో అది లేదనే జవాబుకు దారి తీసే అడిగే తీరు. మరికొందరు ‘ఇంకా ఏదో ఒకటి చూడమంటారా?’ అన్నట్టు, ఉందనే జవాబుకు చోటిస్తూ అడిగారు. తెలుగులో ‘ఇంకేం లేవు కదా?’కూ, ‘ఇంకా ఏమేం ఉన్నాయి, చెప్పండి’కీ మధ్య ఉన్నంత తేడా. రెండో రకం ప్రశ్నకు సుమారు 90 శాతం మంది ఉందన్నారు, మొదటిదానికి 53 శాతం. చెప్పుకోకుండా ఇంటికి తీసుకుపోయే సమస్యలు రెండో పద్ధతిలో 78 శాతం తగ్గాయి. మొదటి పద్ధతి మాత్రం, అసలేమీ అడగకపోవడం కంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదు. బయట వరుసలో నలభై మంది కూర్చుని ఉండగా ఇలా అడుగుతూ పోతే ఎలా అన్నది ప్రతి ఓపీ డాక్టరుకూ వచ్చే సందేహం. ఆ అధ్యయనంలో గడియారం పెట్టి చూశారు: అలా అడిగినందువల్ల ఒక్కో రోగికి పట్టిన సమయం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.